సీట్లు ఖాళీగానే ఉండాయి, ఎవరూ జరగరు

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం ఇంటర్, డిగ్రీ పిల్లలకీ, వాళ్లని వెంటబెట్టుకొచ్చిన పెద్దోళ్లకీ, కరెంటు పోనీయని కొన్ని పదార్థాలు లోహంగా ఎట్లా మారతాయో ఒక పరిశోధకుడు చెప్పిన మాటలు. ఫోన్‌లో రికార్డ్ చేసినదాన్ని విని టైప్ చేసింది. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచినాం.)

వినపడతా ఉందా వెనకాల? ఆ ఫ్యాన్ కింద కూర్చున్నోళ్లకి? సరే. మైకు కొంచెం గుయ్యిమంటా ఉంది, ఓర్చుకోండి.

ముందు ఒక పని చేద్దాం, మాటలు తర్వాత. ఇదిగో ఈ స్టీలు గ్లాసు, కింద టీ బంకులో అడిగి తెచ్చినా, మళ్లా ఇచ్చేయాల. దీనికి బయట పక్క ఒక పలక అతికించినా, గోరంత ఉంటాది, పలకేమో సఫైరు, దాని మీద తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే పూత ఒకటి ఉంది, వెనేడియం డయాక్సైడ్ అంటారు. ఆ పూతకి రెండు వైర్లు, ఆ వైర్లు ఈ మల్టీమీటర్‌కి. పక్కన ఇంకో సన్న వైరు ఉంది చూడండి, అది థర్మామీటర్‌ది. ముందు వరసలో నువ్వు రామ్మా, ఈ రెండు అంకెలు గట్టిగా చదవాల, అందరికీ వినపడాల.

ఎంతుంది? 32 డిగ్రీలు, 1,10,000 ఓమ్‌లు. ఓమ్‌లు అంటే కరెంటుకి ఎంత అడ్డం ఉందో చెప్పే లెక్క, రెసిస్టెన్స్. బాగుంది. ఇప్పుడు ఫ్లాస్కులో వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తా పోతా. 45 డిగ్రీలకి 75,000. 60కి 50,000. మెల్లగా దిగతా ఉంది కదా, ఇంతవరకు విశేషం ఏమీ లేదు, ఏ సెమీకండక్టర్ అయినా ఇట్లే చేస్తాది. ఇంకొంచెం పోస్తా. 66... 30,000. 68... చదువు చదువు, ఆపొద్దు... 12,000, 4,000, 800... ఇప్పుడు? 73 డిగ్రీలు, 90 ఓమ్‌లు.

[చప్పట్లు]

చప్పట్లు నాకొద్దు, దానికి కొట్టండి. 60 డిగ్రీల దాకా సగానికి మాత్రమే తగ్గింది, ఆ తర్వాత పదమూడు డిగ్రీల్లో ఐదొందల రెట్లు పడిపోయింది. ఇది కరగలేదు, కాలలేదు, గట్టిగానే ఉంది, దీంట్లోకి కొత్తగా ఒక్క ఎలక్ట్రాన్ కూడా మనం పంపలేదు. ఉన్న ఎలక్ట్రాన్లే అప్పటిదాకా కదలమని కూర్చున్నాయి, 68 డిగ్రీలకి లేచి నడిచినాయి. 1959లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో మోరిన్ అనే ఆయన దీన్ని చూసినాడు, మంచి క్రిస్టల్ అయితే ఈ పడిపోవడం లక్ష రెట్ల దాకా ఉంటాది, నా పూత అంత గొప్పది కాదు. గ్లాసు మీద మూత పెడతా, ఇట్లే చల్లారనీ, నువ్వు ఒక కన్నేసి ఉంచమ్మా, అంకె మళ్లీ పైకి ఎగిరినప్పుడు నా మాట మధ్యలో అయినా సరే ఆపి చెప్పు, మొహమాటపడొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కరెంటు కొన్నింట్లో పోతాది కొన్నింట్లో పోదు, ఎందుకు? బడిలో ఏం చెప్పినారు, రాగిలో ఫ్రీ ఎలక్ట్రాన్లు ఉండాయి, గాజులో లేవు, అంతే. అది తప్పు కాదు కానీ సగమే. 1930ల నాటికి క్వాంటం మెకానిక్స్ వచ్చి దీన్ని ఇంకా బాగా చెప్పింది, బ్యాండ్ థియరీ అంటారు. నేను బస్సు పెట్టి చెప్తా. మన తిరుపతి బస్టాండ్‌లో చిత్తూరు బస్సు ఎక్కినారు అనుకోండి, రెండు సీట్ల బెంచీలు. ఒక్కో బెంచీ ఒక్కో అణువు, అంటే ఆటమ్. పౌలీ రూల్ ప్రకారం ఒక బెంచీలో ఇద్దరే పడతారు, మూడో మనిషికి టికెట్ లేదు. బస్సంతా నిండిపోయింది, ప్రతి బెంచీలో ఇద్దరిద్దరు, అప్పుడు ఎవరన్నా ముందుకి జరగగలరా? లేదు. అది గాజు, అది వజ్రం. అదే బెంచీకి ఒక్కరే ఉన్నారు, పక్క సీటు ఖాళీ, అప్పుడు ఎవరైనా ఎక్కడికైనా జరగొచ్చు. అది లోహం. లెక్క సులభం: సీట్లు ఎన్ని, మనుషులెంతమంది, అంతే, ఆ లెక్కతో రాగి ఎందుకు లోహమో వజ్రం ఎందుకు కాదో చెప్పేసినారు, అందరూ సంతోషం.

1937లో ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ ఊర్లో ఒక కాన్ఫరెన్స్. హాలండ్ నుంచి డి బోర్, వెర్వే అని ఇద్దరు వచ్చి, అయ్యా మీ లెక్క ప్రకారం నికెల్ ఆక్సైడ్ లోహం కావాల, సీట్లు సగం ఖాళీగానే ఉండాయి, కానీ అది ఆకుపచ్చగా నిగనిగలాడతా ఉంటాది, కరెంటు పోనే పోదు, దీనికేం చెప్తారు అన్నారు. అది చిన్నా చితకా ఇన్సులేటర్ కూడా కాదు, దాని గ్యాప్, అంటే కదలాలంటే ఎలక్ట్రాన్ ఎక్కాల్సిన ఎనర్జీ మెట్టు, దాదాపు 4 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌కి 1.1 అయితే దీనికి 4. ఏదో కొంచెం తేడా వచ్చిందిలే, సర్దుకుందాం అనడానికి కూడా లేదు. ఆ మాట విన్నోళ్లలో పీయర్ల్స్ ఉన్నాడు, మాట్ ఉన్నాడు, ఇద్దరూ పేరున్న ఫిజిక్స్ వాళ్లు. పీయర్ల్స్ అన్నదేందంటే, మనం ఎలక్ట్రాన్లని ఒక్కొక్కదాన్నే విడిగా లెక్కేస్తా ఉండాం, అవి ఒకదాన్నొకటి చూసుకుంటాయి కదా, ఒకదానికొకటి పడదు కదా, ఆ గొడవ లెక్కలోకి తీసుకోవద్దా అని.

ఇప్పుడు మళ్లీ మన బస్సులోకి రండి. బెంచీకి ఒక్కరే, పక్క సీటు ఖాళీ. మీరు పోయి అక్కా కొంచెం జరుగుతారా అంటే ఏమంటారు? బ్యాగు పెట్టేసి "వస్తా ఉండారు" అంటారు. [నవ్వులు] ఎవరూ రారు, చంద్రగిరి దాటినా రారు. ఎలక్ట్రాన్ కూడా అంతే, పక్క సీట్లో ఇంకో ఎలక్ట్రాన్ కూర్చుంటే దానికి చానా ఖర్చు, రెండూ నెగటివ్ చార్జి, అంత చిన్న చోట ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ ఖర్చుకి పేరు యూ. ఇంకోపక్క ఎలక్ట్రాన్‌కి ఒక్కచోటే ఉండటం కూడా ఇష్టం లేదు, క్వాంటం మెకానిక్స్‌లో ఎంత విస్తరిస్తే అంత ఎనర్జీ మిగులుతాది, పక్క అణువుకి దూకితే వచ్చే ఆ లాభానికి పేరు టీ. తాగే టీ కాదు. ఖర్చు ఎక్కువా లాభం ఎక్కువా, అంతే పేచీ. లాభం ఎక్కువైతే దూకతాయి, లోహం. ఖర్చు ఎక్కువైతే ఎవరి బెంచీలో వాళ్లు బిగుసుకుని కూర్చుంటారు, బస్సు సగం ఖాళీగా ఉన్నా ఒక్కరూ కదలరు. ఇదే మాట్ ఇన్సులేటర్. మాట్ 1949లో దీని మీద పేపర్ రాసినాడు, 1963లో హబ్బర్డ్ దీన్ని రెండే రెండు అంకెలుండే ఒక మోడల్‌గా రాసి పెట్టినాడు, యూ, టీ. చూడటానికి ఒక లైను. రెండు డైమెన్షన్లలో దాన్ని కచ్చితంగా సాల్వ్ చేసినోళ్లు ఇంతవరకు లేరు, అరవై ఏళ్లు దాటింది, కంప్యూటర్లు అరిగిపోతా ఉండాయి.

ఒక మాట, బస్సుని నమ్మేసేయొద్దు. ఎలక్ట్రాన్లు మనుషులు కాదు, వాటికి స్పిన్ అని ఒకటుంది, చిన్న అయస్కాంతం ముల్లు మాదిరి, ఇట్లా బిగుసుకుని కూర్చున్నప్పుడు పక్కపక్క అణువుల స్పిన్లు ఒకటి పైకి ఒకటి కిందికి సర్దుకుంటాయి, నికెల్ ఆక్సైడ్‌లో ఈ సర్దుబాటు 250 డిగ్రీల సెల్సియస్ దాకా నిలబడతాది. బస్సులో దానికి పోలిక లేదు. ఇంకోటి, ఈ సబ్జెక్టు తెలిసినోళ్లు ఎవరన్నా ఇక్కడ ఉంటే లేచి, సార్ నికెల్ ఆక్సైడ్ సరిగ్గా మాట్ రకం కాదు, అక్కడ ఎలక్ట్రాన్ ఆక్సిజన్ నుంచి దూకతాది, చార్జ్ ట్రాన్స్‌ఫర్ రకం అంటారు. కరెక్టే, 1985లో జానెన్, సవాట్స్కీ, ఆలెన్ ముగ్గురూ ఆ తేడా చెప్పినారు. ఈ రోజుకి నన్ను వదిలేయండి.

కదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటాది, దాన్ని దీంతో కలపొద్దు. రోడ్డంతా గుంతలుంటే బస్సు పోదు కదా, మనుషులకి గొడవలేం లేకపోయినా. పదార్థంలో అణువులు అడ్డదిడ్డంగా ఉంటే ఎలక్ట్రాన్ అలలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి, 1958లో ఆండర్సన్ చెప్పినాడు. 1979లో దాని మీద స్కేలింగ్ థియరీ అని చానా పేరున్న పేపర్ వచ్చింది, రాసిన నలుగురిలో ఒకరు మన దేశం ఆయన, టి.వి.రామకృష్ణన్. ఆండర్సన్, మాట్, వాన్ వ్లెక్ ముగ్గురికీ 1977లో నోబెల్ పంచినారు. నిజం పదార్థంలో గుంతలూ ఉంటాయి గొడవలూ ఉంటాయి, ఏది ఎంతో విడదీయడమే మా పని, దానికే జీతం.

ఇప్పుడు కంట్రోల్ దగ్గరికి వద్దాం. ఇన్సులేటర్ని లోహం చేయాల, మళ్లీ ఇన్సులేటర్ చేయాల, మన ఇష్టప్రకారం. ఎట్లా?

మొదటిది అందరికీ తట్టేదే. బస్సులో ఒకాయన దిగిపోయినాడు. ఒక బెంచీ మొత్తం ఖాళీ. ఇప్పుడు వెనకాయన ఎవరి పక్కనా కూర్చోకుండానే ఆ బెంచీలోకి జరగొచ్చు, ఆయన వెనకాయన ఈయన బెంచీలోకి, ఖాళీ బెంచీ వెనక్కి నడుస్తా పోతాది. లాంతనమ్ కాపర్ ఆక్సైడ్ మాట్ రకం ఇన్సులేటర్, దాంట్లో లాంతనమ్ కొంచెం తీసి స్ట్రాన్షియమ్ పెడితే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, కదలడం మొదలవుతాది. మామూలు లోహం అయ్యి ఊరుకుంటే సరిపోయేది, ఇది ఏకంగా సూపర్‌కండక్టర్ అయింది, అంటే కరెంటుకి అసలు అడ్డమే లేదు, ఈ జాతి కాపర్ ఆక్సైడ్లలోనే 1986లో బెడ్నోర్జ్, ముల్లర్ ఆ సంగతి పట్టుకున్నారు, మరుసటేడే నోబెల్. దాని గురించి చెప్పాలంటే ఇంకో ఆదివారం కావాల.

రెండోది నాకు ఇష్టం. ఎవర్నీ దించొద్దు, టీని మార్చు, అంటే దూకడం సులభం చెయ్యి లేదా కష్టం చెయ్యి. నికెలేట్లని ఒక కుటుంబం ఉంది, మధ్యలో నికెల్, చుట్టూ ఆరు ఆక్సిజన్లు, ఆ ఆరింటి డబ్బాలు ఒకదానికొకటి మూలలు పట్టుకుని నిలబడతాయి, సందుల్లో ఒక పెద్ద అణువు కూర్చుంటాది, లాంతనమో నియోడిమియమో. పెళ్లి పందిరి అనుకోండి, గుంజల మధ్య సరైన సైజు మనిషి నిలబడితే పందిరి నిటారుగా ఉంటాది, చిన్నోడిని నిలబెడితే పందిరి వాడి మీదికి వాలతాది. లాంతనమ్ పెద్దది, డబ్బాలు దాదాపు నిటారు, నికెల్-ఆక్సిజన్-నికెల్ దారి తిన్నగా ఉంటాది, ఎలక్ట్రాన్ సాఫీగా పోతాది, అది ఎంత చల్లబరిచినా లోహమే. ప్రసియోడిమియమ్ కొంచెం చిన్నది, దారి వంగతాది, 130 కెల్విన్, అంటే మైనస్ 143 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇన్సులేటర్ అయిపోతాది. నియోడిమియమ్ ఇంకొంచెం చిన్నది, 200 కెల్విన్. సమేరియమ్ దగ్గరికి వచ్చేసరికి 400, అంటే మరిగే నీళ్ల కంటే వేడిలో కూడా అది ఇన్సులేటరే. చూడండి, ఎలక్ట్రాన్ల సంఖ్య మారలేదు, కెమిస్ట్రీ దాదాపు అదే, పక్కన నిలబడినోడి లావు మాత్రం మారింది.

అట్లాంటిదే వెనేడియం సెస్క్వీఆక్సైడ్, రెండు వెనేడియం మూడు ఆక్సిజన్. 150, 160 కెల్విన్ దగ్గర కోటి రెట్లు మారతాది రెసిస్టెన్స్. దాంట్లో ఒక శాతం చిల్లర క్రోమియం కలిపితే గది వేడిలోనే ఇన్సులేటర్ అవుతాది, దాన్ని పట్టి గట్టిగా నొక్కితే, ప్రెషర్ పెడితే, మళ్లీ లోహం. నొక్కితే అణువులు దగ్గరవుతాయి, దూకడం సులభం అవుతాది, మాట్ చెప్పిందీ అదే కదా.

సార్... ఆ, చెప్పమ్మా. ఎగిరిందా? ఎంతకాడ? 62 డిగ్రీలు, 45,000. చూడండి, ఇది గమనించాల్సిన సంగతి. పైకి పోయేటప్పుడు 68 దగ్గర పడింది, దిగేటప్పుడు 68కి లేవలేదు, 62 దాకా ఆగింది. మన కొండకి పోయే ఘాట్ రోడ్డు ఒకటి, దిగే ఘాట్ రోడ్డు ఇంకోటి కదా, పోయిన దారిన బస్సు దిగదు. ఇదీ అంతే, దీన్ని హిస్టెరిసిస్ అంటారు. 65 డిగ్రీల దగ్గర ఇది లోహమా ఇన్సులేటరా అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేయాల, పైకి పోతా ఉందా కిందికి వస్తా ఉందా అని. అంటే ఆ పూతకి ఇంతకుముందు ఏం జరిగిందో గుర్తుందని అర్థం, గుర్తుంటే అది మెమరీ, మెమరీ చిప్పులు చేసేవాళ్లకి నోరూరేది ఇక్కడే. మళ్లీ వేడినీళ్లు కావాలేమో, ఫ్లాస్కులో ఉంచండి.

ఈ 68ని మార్చొచ్చా? మార్చొచ్చు. వెనేడియం బదులు ఒక శాతం టంగ్‌స్టన్ పెడితే ఇరవై డిగ్రీలకు పైగానే దిగుతాది, రెండు శాతం దగ్గర గది వేడికి వచ్చేస్తాది. లేదంటే ఏమీ కలపకుండా కింద పలక మార్చు. 2002లో జపాన్‌లో మురఓకా, హిరోయి ఇద్దరూ టైటానియం డయాక్సైడ్ పలక మీద పూత పెంచినారు, పలకని ఒక ముఖంగా కోస్తే 27 డిగ్రీలకే మారింది, ఇంకో ముఖంగా కోస్తే 96 డిగ్రీల దాకా మారలేదు. పదార్థం అదే, కింద పలక దాన్ని ఒక దిక్కుకి లాగిందా నొక్కిందా అన్నదే తేడా. నాకు ఇది మొదటిసారి చదివినప్పుడు నిద్ర పట్టలేదు.

దీంతో ఏం లాభం అంటే, కిటికీలు. ఇది ఇన్సులేటర్‌గా ఉన్నప్పుడు ఎండలో వేడి మోసే ఇన్‌ఫ్రారెడ్ లోపలికి వస్తాది, లోహం అయినప్పుడు దాన్ని వెనక్కి కొడతాది, వెలుతురు మాత్రం పెద్దగా మారదు. కరెంటు వద్దు, స్విచ్చి వద్దు, ఎండ ముదిరితే కిటికీ తనంతట తానే తలుపు వేసుకున్నట్టు. తిరుపతిలో మే నెలలో దీని విలువ నేను చెప్పనక్కర్లేదు. మరి బజార్లో ఎందుకు పెద్దగా కనపడదు అంటే, పూత పసుపు గోధుమ రంగులో ఉంటాది, ఇంట్లో అందరూ కామెర్లు వచ్చినట్టు కనపడతారు, మందం పెంచితే వెలుతురు తగ్గుతాది, తగ్గిస్తే వేడి ఆపదు, టంగ్‌స్టన్ కలిపితే ఆ మారడంలో పదును పోతాది. చానామంది దీని మీద పని చేస్తా ఉండారు, నేను దాని గురించి పెద్ద మాటలు చెప్పను.

నా మనసంతా ఇంకోచోట ఉంది, ట్రాన్సిస్టర్. సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో గేట్‌కి, అంటే కరెంటుని ఆన్ ఆఫ్ చేసే కాలికి, వోల్టేజి పెడితే కొన్ని ఎలక్ట్రాన్లు చేరతాయి, చేరినన్నే కరెంటు మోస్తాయి. మాట్ ఇన్సులేటర్ అయితే? అందరూ బిగుసుకుని కూర్చున్న బస్సులో ఒకర్ని కదిలిస్తే మొత్తం కదలాల. కొంచెం తోస్తే కొండంత ఫలితం. ఆశ అది. అడ్డం ఏందంటే దీంట్లో ఎలక్ట్రాన్లు మరీ ఎక్కువ, ఘన సెంటీమీటర్‌కి పది పక్కన ఇరవైరెండో ఘాతం అన్నంత, గేట్ వోల్టేజి ప్రభావాన్ని పైన ఒకటి రెండు పొరల్లో ఉన్నవే మింగేస్తాయి, లోపలికి పోదు. అప్పుడు అయానిక్ లిక్విడ్ అని ఒక ఉప్పు ద్రవం వచ్చింది, గది వేడిలోనే కరిగి ఉండే ఉప్పు, దాని చుక్క పైన వేసి వోల్టేజి పెడితే అయాన్లు పోయి పూత మీద అతుక్కుని మామూలు గేట్ కంటే ఎన్నో రెట్లు చార్జి తెస్తాయి.

2012లో జపాన్ వాళ్లు వెనేడియం డయాక్సైడ్ మీద ఆ చుక్క వేసి ఇన్సులేటర్ని లోహం చేసి చూపిచ్చినారు, పైపొర ఒక్కటే కాదు, పూత మొత్తం, పదుల నానోమీటర్ల లోతు దాకా. పెద్ద సంచలనం, ఒకర్ని తోస్తే బస్సంతా కదిలింది అన్నమాట. మరుసటేడు 2013లో కాలిఫోర్నియాలో ఐబీఎం ల్యాబ్ వాళ్లు అదే ప్రయోగం చేసి, అయ్యా గేట్ వోల్టేజి తీసేసినా ఇది లోహంగానే ఉండిపోతా ఉంది, ఎలక్ట్రాన్లే అయితే వెనక్కి రావాల కదా, ఇక్కడ ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఆక్సిజన్ని పూతలోనుంచి బయటికి లాగేస్తా ఉంది అన్నారు. చుట్టూ ఆక్సిజన్ ఉంచి చేస్తే ఆ ఎఫెక్టు అణిగిపోయింది కూడా. అంటే మనం మనిషిని తోసినాం అనుకున్నాం, నిజానికి బెంచీలే పీకేసినాం.

నాకు ఈ రంగం మొత్తం మీద ఉన్న అనుమానం అదే. నాబ్ తిప్పినావు, సరే, రీడింగ్ మారింది, సరే, నువ్వు తిప్పింది ఏ నాబ్ అని నీకు తెలుసా? టంగ్‌స్టన్ కలిపితే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, అణువుల మధ్య దూరం కూడా మారతాది. వోల్టేజి పెడితే ఫీల్డ్ వస్తాది, వేడి కూడా వస్తాది, ఆక్సిజన్ కూడా పోవచ్చు. ఒకటి ముట్టుకుంటే నాలుగు కదులుతాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకరికి చీర కొన్నట్టు. [నవ్వులు]

నేనూ దీంట్లో కాలు జారినోడినే, చెప్తా. పీహెచ్‌డీ రోజుల్లో ఒక ల్యాబ్‌లో ఉన్నప్పుడు, ఏ ల్యాబ్ అనేది వద్దులే, పూతకి అటూ ఇటూ రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి వోల్టేజి పెంచతా పోయినా, 20 వోల్టుల దగ్గర టక్కుమని లోహం అయింది. వేడి చేయలేదు, గది చల్లగానే ఉంది, ఇది ఫీల్డ్ ఎఫెక్టే అని ఎనిమిది నెలలు గ్రాఫులు గీసినా, పోస్టర్ కూడా పెట్టినా. ఒక పెద్దాయన ఆ పోస్టర్ ముందు నిలబడి, పల్స్ తగ్గించి చూసినావా నాయనా అన్నాడు, అంతే అన్నాడు, పోయినాడు. తిరిగొచ్చి వోల్టేజి అంతే ఉంచి టైము తగ్గించి చూసినా, మారలేదు. టైము పెంచితే మారింది. అంటే కరెంటు పోయి పోయి మధ్యలో ఒక సన్న దారం మాదిరి చోటు 68 దాటేదాకా కాగింది, అప్పుడు మారింది. నేను ఎనిమిది నెలలు కష్టపడి కనిపెట్టింది ఏందంటే, ఇస్త్రీపెట్టె. [నవ్వులు] దాన్ని వదిలేయకుండా ఈ కాగడం చల్లారడాన్నే వాడుకుని, టక్కు టక్కుమని తనంతట తానే కొట్టుకునే ఆసిలేటర్లు చేస్తా ఉండారు ఇప్పుడు, మెదడులో న్యూరాన్ల మాదిరి. నాకు ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు.

పూత చేయడం గురించి కూడా ఒక ముక్క. మా ఊరు చిత్తూరు పక్కన, మాకు గానుగ ఉండేది, బెల్లం వండేవాళ్లం. మా నాయన పెనం దగ్గర నిలబడి పాకం రెండు చుక్కలు నీళ్లలో వేసి వేళ్లతో నలిపి చూసేవాడు, ఒక నిమిషం ముందు దించితే బెల్లం కట్టదు, ఒక నిమిషం ఆలస్యం అయితే మాడు వాసన. వెనేడియం అచ్చం అట్లాంటిది. ఛాంబర్‌లో ఆక్సిజన్ కొంచెం ఎక్కువైతే రెండు వెనేడియం ఐదు ఆక్సిజన్ రకం అయిపోతాది, కొంచెం తగ్గితే రెండుకి మూడు రకం, మధ్యలో ఇంకో పది రకాలు కాచుకుని ఉంటాయి, మనకి కావాల్సిన ఒకటికి రెండు రకం ఒక సన్న సందులో దొరుకుతాది. నేను మూడు నెలలు ప్రతిరోజూ మాడు బెల్లమే వండినా. పేపర్లలో ప్రెషర్ ఇంత అని రాసి ఉంటాది, మన ఛాంబర్‌లో గేజి ఎక్కడ పెట్టినామో దాన్నిబట్టి ఆ ఇంత మారిపోతాది, అది ఎవరూ రాయరు.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ, పెద్దాయన.

— నాయనా, ఇంతకీ ఇది చేసేది ఎలక్ట్రాన్ల గొడవేనా, లేకపోతే లోపల అణువులు జరిగి చేస్తాదా? నువ్వు మొదట్లో ఎలక్ట్రాన్లు లేచి నడిచినాయి అన్నావు.

దొరికిపోయినా. అరవై ఏళ్ల తగాదా ఇది. చల్లగా ఉన్నప్పుడు వెనేడియం అణువులు జతలు జతలుగా దగ్గరికి జరిగి ఉంటాయి, వేడెక్కితే జతలు విడిపోయి సమాన దూరంలో నిలబడతాయి. జతకట్టడం వల్లనే గ్యాప్ వచ్చింది, అణువులే పెద్దలు అనేవాళ్లు ఒక పక్క, దానికి పీయర్ల్స్ పేరే ఉంది, ఇందాక చెప్పిన ఆయనే. కాదు ఎలక్ట్రాన్ల గొడవే మూలం, మాట్ రకం అనేవాళ్లు ఇంకో పక్క. 2001లో కవల్లేరి వాళ్లు లేజర్ పల్సుతో కొట్టి చూస్తే సెకనులో లక్ష కోట్ల వంతు కంటే తక్కువలో మారిపోయింది, ఎవరు ముందు కదిలినారో చూద్దాం అనే అప్పటినుంచి పరుగు. నా వరకు, జత లేకుండా గొడవ చాలదు, గొడవ లేకుండా జత చాలదు, వెనేడియం డయాక్సైడ్‌లో రెండూ కలిసే చేస్తా ఉండాయి. నికెల్ ఆక్సైడ్ అయితే అంత సందేహం లేదు, అందుకే కథ అక్కడ మొదలుపెట్టినా.

వెనక ఎవరో చెయ్యెత్తినారు. చెప్పు బాబూ.

— సార్, ఇందాక రీడింగ్ పడిపోయింది కదా, నీళ్లు పోసినప్పుడు గ్లాసు కదిలింది. వైరు లూజ్ కాంటాక్ట్ అయ్యుండొచ్చు కదా సార్?

[నవ్వులు]

నవ్వొద్దు, నవ్వొద్దు. ఎనిమిది నెలలు నన్ను నేను అడగని ప్రశ్న అది. రా, నువ్వే రా, గ్లాసు నువ్వే పట్టుకో, వైర్లు ముందు లాగి చూడు, గట్టిగా ఉండాయా? ఇప్పుడు చల్లనీళ్లు పోసి గ్లాసు ఊపు, ఇంకా ఊపు. అమ్మా, అంకె? 30 డిగ్రీలు, 1,14,000, ఊపినా అంతే ఉంది. ఇప్పుడు అవి పారబోసి ఫ్లాస్కులో మిగిలినవి పొయ్యి, మెల్లగా, చెయ్యి కాలతాది చూసుకో, కర్చీఫ్ పెట్టుకో. 50... 61... 67... పోతా ఉంది, పోతా ఉంది. ఇప్పుడు? 72 డిగ్రీలు, 94 ఓమ్‌లు.

ఇందాక 90 కదా వచ్చింది? ఇప్పుడు 94. ఆ నాలుగు ఓమ్‌లు ఎక్కడినుంచి వచ్చినాయో ఇంటికి పోయి చూడాల. ఎవరన్నా ఆ వైర్లు ఊడదీయండబ్బా, గ్లాసు బంకాయనకి ఇచ్చేయాల.